భావము, భావన, పలుకు: కట్టమంచివారి కవిత్వ విచారము



మన పల్లెలలో ఒక మాట తఱచుగా వినబడుచుండును. రాత్రి హరికథ ముగిసి జనులు ఇండ్లకు మరలునప్పుడు, అరుగుమీద కూర్చున్న పెద్ద యొకడు తల యాడించి, “గొంతు బాగున్నది, పద్యమూ బాగున్నది, ప్రాణమే లేదు” అనును. మఱియొక రాత్రి వేఱొక కథకుడు వచ్చును. అతని గొంతు బొంగురు. పద్యములలో తడబాట్లును కలవు. అయినను సీతమ్మను అడవిలో విడిచిన ఘట్టము వచ్చుసరికి ఆడువారు కొంగుతో కన్ను లొత్తుకొందురు. మగవారు దగ్గును నెపముగా జేసికొని ముఖము త్రిప్పుకొందురు. ఆ పెద్దయే అప్పుడు, “వీడికి విద్య చాలదు గాని, వీడు కథలో ఉన్నాడు” అనును.

ఆ పెద్ద అలంకారశాస్త్రము చదివినవాడు కాడు. అయినను ఆ తీర్పు తప్పు తీర్పు కాదు. అతడు “ప్రాణము” అన్నదేమి? అది కవి హృదయములో నుండునా, మాటలలో నుండునా, వినువాని మనస్సులో నుండునా? ఈ ప్రశ్నను పట్టుకొని తెలుగు వచనములో క్రమముగా విచారించిన వారిలో అగ్రగణ్యులు డాక్టరు కట్టమంచి రామలింగారెడ్డిగారు. వారి విచారమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుటయే నేటి ప్రసంగము.

రెడ్డిగారు 1880వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన చిత్తూరు చెంతనున్న కట్టమంచి గ్రామములో జన్మించిరి. చెన్నపురి క్రైస్తవ కళాశాలలో చదివి, పిదప ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున విద్య ముగించిరి. బరోడాలోను మైసూరులోను పనిచేసిరి. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నెలకొన్నపుడు దానికి మొదటి ఉపాధ్యక్షులైరి. పరిషత్తు మొదట బెజవాడలో నుండి, 1930లో మన విశాఖపట్టణమునకు, వాల్తేరు మెట్టలమీదికి వచ్చినది. అప్పటికి ఇక్కడ ఓడరేవు ఇంకను తెఱవబడలేదు. అది 1933 నాటి మాట. ఉక్కు కర్మాగారము మఱి కొన్ని దశాబ్దముల పిదప వచ్చినది. సముద్రపుగాలి వీచు ఆ యెఱ్ఱమట్టి దిబ్బలమీద మొదట లేచినది చదువుల కోవెల. దానికి రెండు పర్యాయములుగా, అనగా 1926 నుండి 1931 వఱకును, మరల 1936 నుండి 1949 వఱకును, అధిపతిగా నున్నవారు ఈ కవి విమర్శకులే. 1951లో వారు కీర్తిశేషులైరి.

జనులు వారిని గొప్ప వక్తగా, విద్యాధికారిగా ఎఱుగుదురు. కాని నాబోటి తెలుగు పంతుళ్లకు వారు ముఖ్యముగా ఒక పుస్తకము వ్రాసినవారు. ఆ పుస్తకము పేరు “కవిత్వతత్త్వ విచారము”. అది 1914లో వెలువడినది. పింగళి సూరన కావ్యములను విమర్శించుట దాని నెపము. కవిత్వమనగా నేమి యని విచారించుట దాని పని.

ఆ పుస్తకము ఎందుకు పుట్టినదో తెలియవలెనన్న, అప్పటి చదువు తీరు కొంత తెలియవలెను. నాడు కావ్యము చదువుట యనగా పద్యమునకు అన్వయము కుదుర్చుట, ప్రతిపదార్థము చెప్పుట, సమాసమును విప్పుట, అలంకారము పేరు చెప్పుట, వ్యాకరణ దోషమున్న పట్టుకొనుట. ఇవి యన్నియు కావలసినవే. పునాది లేక గోడ నిలువదు. కాని పునాది త్రవ్వి, కొలిచి, అక్కడనే కూర్చుండి యిల్లు కట్టితి మనుకొన్నచో నేమగును? ఈ కథ యిట్లేల నడచినది, ఈ మనిషి ఇట్లేల మాటాడెను, ఇక్కడ కవి మనస్సు నిజముగా కరగెనా, లేక నిఘంటువు విప్పి కూర్చుండెనా అని యడుగు ఆచారము మిక్కిలి తక్కువ. ఆ ప్రశ్నలను గట్టిగా అడిగిన పుస్తకము “కవిత్వతత్త్వ విచారము”.

వారి సిద్ధాంతమును మన సౌకర్యముకొఱకు మూడు మాటలుగా విభజించి చెప్పెదను. ఈ విభాగము నాది, సారము వారిది.

మొదటిది భావము. అనగా సుఖదుఃఖాదులు మనస్సును తాకుట. రెండవది భావన. అనగా లేనిదానిని ఉన్నట్లు, పరులకు కలిగినదానిని తనకు కలిగినట్లు మనస్సులో కట్టుకొని చూచు శక్తి. మూడవది పలుకు. అనగా ఆ చూచినదానిని మాటలలో నిలుపుట. ఈ మూటిలో రెడ్డిగారు నడుమనున్న భావనాశక్తికి పట్టము గట్టిరి.

ఎందువలన? ఒక దృష్టాంతము చెప్పెదను. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి నేలబడి యేడ్చును. ఆ దుఃఖముకంటె నిజమైన భావము లోకములో లేదు. అయినను ఆ యేడుపు కవిత్వము కాదు. దానిని విన్న మనము కన్నీరు కార్తుము, ఓదార్తుము, చేతనైన సాయము చేయుదుము. కాని దానిని మరల మరల వినవలెనని కోరము. అదే దుఃఖమును కవి యొకడు మనస్సున నిలిపి, తన దుఃఖమువలె అనుభవించి, దానికి తగిన రూపము నిచ్చి చెప్పినచో, వందల యేండ్లయిన పిదప, ఆ తల్లి యెవరో తెలియనివారును దానిని చదివి కంటతడి పెట్టుకొందురు. పెట్టుకొనియు మరల చదువుదురు. ఆ రెంటికిని నడుమ జరిగిన మార్పు భావనాశక్తి చేసిన పని.

మన విశాఖవారికి దీనిని ఇంకను తేలికగా చెప్పవచ్చును. బైలడిల్లా కొండలనుండి వచ్చు ఇనుపరాయి ఉక్కు కర్మాగారమును చేరుచున్నది. రాయి రాయిగా నున్నంతకాలము దానితో వంతెన కట్టలేము. నిప్పు ఒక్కటే యున్నను వంతెన రాదు. రాయి కొలిమిలో పడి, కరగి, మలినము వదలి, మూసలో పోయబడి, ఆఱి నిలిచినపుడే అది పనికివచ్చు ఉక్కగును. మనిషికి కలిగిన అనుభవము రాయి, హృదయవేదన నిప్పు, మాటలు మూస. కొలిమి మాత్రము భావన. కొలిమి లేనిచోట కొందఱు రాళ్లు గుట్టపోసి కావ్యమందురు. కొందఱు వట్టి మూసలను తళతళలాడ తోమి వరుసగా పేర్చి కావ్యమందురు.

ఈ రెండవ తెగవారిమీదనే రెడ్డిగారికి కోపము హెచ్చు. మన ప్రబంధములలో పెక్కింటిని వారు కఠినముగా విమర్శించిరి. పురవర్ణన, ఋతువర్ణన, చంద్రోదయము, విరహము, చంద్రదూషణము, శిశిరోపచారములు: కథకు కావలసినను కాకున్నను ఇవి వరుసగా రావలసినదే. నాయిక యెవరైనను ఒకే విధముగా విరహపడును. చెలికత్తె లెవరైనను ఒకే విధముగా చందనము పూయుదురు. బాధ లేదు, బాధయొక్క వేషము మాత్రము కలదు. అనుభవము లేనిచోట అతిశయోక్తి పెరుగును. చెప్పవలసినది తక్కువైన కొలది మాట పొడవగును. ఇది వారి యభియోగము. ఈ క్షీణతకు కారణము కవుల దోషము మాత్రమే కాదని, జాతి జీవితములోని స్వాతంత్ర్యమును ఉత్సాహమును సన్నగిల్లినపుడు కవిత్వమును కృత్రిమమగునని వారు తలచిరి. కావ్యమును దేశస్థితితో ముడిపెట్టి చూచుట నాటి పండితులకు క్రొత్తగాను చేదుగాను ఉండెను.

అట్టి ప్రబంధముల నడుమ వారికి పింగళి సూరన వేఱుగా కనబడెను. ఇందొక వింత గలదు. ఒకే పద్యమున రామాయణార్థమును భారతార్థమును వచ్చునట్లు “రాఘవపాండవీయము” వ్రాసినవాడు ఈ సూరనయే. అనగా మాటల గారడిలో అందఱిని మించినవాడు. అట్టివాడే “కళాపూర్ణోదయము”లో ఎవ్వరి పురాణమునుండియు ఎరువు తెచ్చుకొనక, తన బుద్ధితో ఒక క్రొత్త కథ నల్లెను. చిక్కుముడివలె మొదలై, చివరకు ప్రతి పోగును దాని చోట చేరునట్టి కథ అది. మాటల నేర్పు ఉండుట దోషము కాదనియు, అది దేనికి సేవచేయుచున్నదన్నదే ప్రశ్నయనియు సూరన యొక్కడే నిరూపించుచున్నాడు.

ఆ కావ్యములోని సుగాత్రీ శాలీనుల కథను మీలో కొందఱు వినియుందురు. శారదాదేవి ఆలయమున అర్చకుని కూతురు సుగాత్రి. ఆమె భర్త శాలీనుడు మిక్కిలి సిగ్గరి. చెలికత్తెలు ఆమెను సకలాభరణములతో అలంకరించి పడకటింటికి పంపినను అతని మనస్సు కదలలేదు. దినములు గడచినవి, అత్త విసిగినది. శాలీనుడు అమ్మవారి పూలతోటలో పనిచేయుచుండెను. భర్త కష్టము చూడలేక సుగాత్రి తన నగలను ప్రక్కనబెట్టి, కొంగు దోపుకొని, తోటపనిలో అతనికి తోడ్పడెను. చెమటపట్టిన ఆ ముఖము చూచినపుడు శాలీనుని మనస్సు కరగెను. అలంకారములు చేయలేనిదానిని అక్కఱతో చేసిన పని చేసినది.

కవిత్వమునుగూర్చి రెడ్డిగారు చెప్పదలచినదంతయు ఈ కథలో నున్నదని నాకు తోచును. నగలు పెట్టిన సుగాత్రియు సుగాత్రియే; తోటలోని సుగాత్రియు సుగాత్రియే. కాని మొదటిదానిలో ఆమెను నగలు కప్పినవి. రెండవదానిలో ఆమె హృదయము పనిలో కనబడినది. పలుకు భావమును చూపవలెను గాని కప్పరాదు.

ఇతరుల కావ్యములకు ఇంత కఠినమైన తూకము పట్టినవారు తాము వ్రాసినపుడు ఏమి చేసిరి? అని మీరు అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. రెడ్డిగారు ఇంకను ఇరువదేండ్లు నిండకముందే, 1899లో, విద్యార్థిగా నుండి “ముసలమ్మ మరణము” అను చిన్న కావ్యము వ్రాసిరి. అనంతపురము చెంత బుక్కరాయసముద్రము చెఱువు వానలకు తెగనున్నది. బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ బలియైనగాని కట్ట నిలువదని దైవవాక్కు వినబడినది. ఆ యిల్లాలు అత్తమామలవద్దను భర్తవద్దను సెలవు తీసికొని, ఊరికొఱకు గండిలోనికి నడచిపోయినది. బ్రౌను దొర సేకరింపజేసిన స్థానిక చరిత్రలలో దొరకిన కథ యిది. ఇందు రాజు లేడు, రాణి లేదు, చంద్రోదయము లేదు. ఒక కాపుకోడలు నాయిక; ఒక చెఱువుగట్టు రంగస్థలము. ముగింపు మరణము. ఆధునిక ఖండకావ్యములలో ఇది మొదటిదని పలువు రందురు. పదునైదేండ్ల పిదప వ్రాసిన సిద్ధాంతమునకు బీజము ఇక్కడనే యున్నది: నిజమైన దుఃఖమునకు పెద్ద నగరు అక్కఱలేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకొనవలెను. నేను ముప్పది యేండ్లకు పైగా బడిలో తెలుగు చెప్పినవాడను. ఒకనాడు తరగతిలో ముసలమ్మ కథ చెప్పి, వెంటనే ఒక పద్యము నల్లబల్లపై వ్రాసి, ఇందలి యలంకార మేది, ఛందస్సేది యని అడుగసాగితిని. వెనుక బల్లమీది పిల్లవాడొకడు లేచి, “మాస్టారూ, ఆమె పోయాక ఇంట్లోవాళ్లు ఏం చేశారండీ?” అని యడిగెను. వాని యూరును చెఱువుక్రింది యూరే. నేను, “అది పరీక్షలో రాదు, కూర్చో” అంటిని. వాడు కూర్చుండెను. మఱి యెన్నడును నన్ను ప్రశ్న యడుగలేదు. ఆ దినమున ఆ గదిలో కావ్యము నిజముగా చదివినవాడు వాడొక్కడే. రెడ్డిగారి పుస్తకమును నేను అంతకుముందే రెండుమాఱులు చదివియుంటిని. పేజీలు చదివితిని గాని మాట చెవికెక్కలేదు.

అయినంత మాత్రమున రెడ్డిగారు చెప్పినదంతయు వేదవాక్కని నే ననను. పాతచదువు చదివినవాడను గనుక రెండు మాటలు విన్నవించుకొనక తప్పదు.

మొదటి మాట. భావముయొక్క ప్రాధాన్యమును మనకు పడమటివారు వచ్చి నేర్పలేదు. ఇంగ్లండులో వర్డ్స్‌వర్త్ 1800లో తన పీఠికలో భావోద్రేకమును గూర్చియు, కోల్రిడ్జి 1817లో భావనాశక్తిని గూర్చియు వ్రాసిన వ్రాతలు గొప్పవే. కాని విభావ అనుభావ వ్యభిచారి భావముల కూడికచే రసము నిష్పన్నమగునని భరతముని ఏనాడో చెప్పెను. “నాకు దుఃఖము, నాకు దుఃఖము” అని పేరుపెట్టి చెప్పిన మాత్రమున దుఃఖము వినువానికి అందదని, రసమును పేరుతో చెప్పుట దోషమని మన యాలంకారికు లెఱుగుదురు. తొమ్మిదవ శతాబ్దమునాటి కాశ్మీరదేశపు ఆనందవర్ధనుడు, అలంకారము వేఱు ప్రయత్నము లేకుండ రసముతోబాటు తానే పుట్టవలెనని స్పష్టముగా శాసించెను. అనగా, నగలు చేయించి తెచ్చి పెట్టుట కాదు. పువ్వుకు రంగు వచ్చినట్లు రావలెను. ఈ మాట రెడ్డిగారి మాటకు విరుద్ధమా? కాదు, ముమ్మాటికి అనుకూలము. కావున ఆనాడు రెడ్డిగారిని పడమటి గాలి సోకినవారని దూఱిన పండితులు తమ శాస్త్రమునే మఱచి దూఱిరి. రెడ్డిగారి వాదము ప్రబంధకవులను ఓడించినదేమో గాని ఆనందవర్ధనుని ఓడించలేదు; అతనిని గెలిపించినది.

రెండవ మాట. ప్రబంధములను తూచినపుడు వారు తూకపురాళ్లు కొంచెము బరువుగా వేసిరి. కథ, పాత్ర, అనుభవ సత్యము: ఈ మూడే కావ్యమునకు కొలతలైనచో, నాదముయొక్క అందమునకు చోటెక్కడ? పెద్దన పద్యమును అర్థము పూర్తిగా తెలియని పసివాడు విని కూడ ఊగును. ఆ యూపు అబద్ధము కాదు. పలుకు భావమునకు సేవకుడే యైనను, మంచి సేవకుడు ఒక్కొక్కప్పుడు యజమానికి తోచనిది చూపును. నాదమే భావమును లేపిన ఘట్టములు మన ప్రబంధములలో లేకపోలేదు. ఈ విషయమున రెడ్డిగారి తీర్పును మనము అప్పీలు లేని తీర్పుగా తీసికొన నక్కఱలేదు.

అయినను వారి సూత్రముయొక్క బలము ఇట్టిది: అది ఒక వైపే కోయు కత్తి కాదు. “కవిత్వతత్త్వ విచారము” వెలువడిన తరువాత కొలది యేండ్లలో భావకవిత్వము దేశమంతట వ్యాపించెను. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి “కృష్ణపక్షము” 1925లో వచ్చినది. అది నిజమైన వేదన, నిజమైన నాదము. కాని పెద్దకవి వెనుక అనుకరించువారు బారులు తీరిరి. వారి పద్యములలో చందనమునకు బదులు కన్నీరు వచ్చినది. చెలికత్తెకు బదులు ఊహాప్రేయసి వచ్చినది. పాత వేషము పోయి క్రొత్త వేషము వచ్చినది. అలంకారమును అరువు తెచ్చుకొన్నట్లే దుఃఖమునుకూడ అరువు తెచ్చుకొనవచ్చునని అప్పుడు తెలిసినది. భావము పేరు చెప్పుట వేఱు, భావము కలుగుట వేఱు. ప్రబంధములను కొలిచిన కొలతతోనే వీరిని కొలిచినను లెక్క సరిగా తేలును.

కవిత్వమున మాటకును మనస్సునకును పొత్తు కుదరవలెనని చెప్పిన రెడ్డిగారు జీవితమున ఒకచో ఆ పొత్తును నిలుపుకొన్నారు. ఉప్పు సత్యాగ్రహపు దినములలో ప్రభుత్వము జరిపిన నిర్బంధకాండకు నిరసనగా వారు తాము కట్టిన విశ్వకళాపరిషత్తు అధిపతి పదవిని వదలుకొనిరి. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణగారు ఆ స్థానమునకు వచ్చిరి. మెట్టమీద భవనములు ఇంకను లేచుచున్న సమయమది; తాను నాటిన మొక్కను విడిచిపోవుట వారికి సులభమై యుండదు. పదవిలోనుండియే విచారము వెలిబుచ్చు ఉపన్యాస మొకటి చేసి యూరకుండవచ్చును; వారికి వాక్కు కొఱవడినది కాదు. కాని భావము లేని పలుకు ప్రబంధమున దోషమైనచో, పని లేని పలుకు జీవితమున దోషము కాకపోవునా?

ఇంతకును ఈ విచారమంతయు పల్లెలలోని మనకేల? పండితులు చూచుకొందురు గదా యని కొంద ఱనవచ్చును. కాదు. పెండ్లిలో పంచరత్నములు చదివించునది మనము. పెద్దలు పోయినపుడు సంస్మరణ పద్యములు వ్రాయించునది మనము. నాటకము ఆడించునదియు, హరికథకునికి శాలువ కప్పునదియు మనమే. ఎవరిపేరు మార్చి చదివినను సరిపోవు పద్యమును మెచ్చినచో అట్టి పద్యములే పుట్టును. “అయ్యా, ఇందు మా నాయన ఎక్కడ ఉన్నాడు? ఆయన నాటిన చింతచెట్టు ఎక్కడ ఉన్నది?” అని ఒక్కమాఱు అడిగినచో, ఆ కవికి మరునాడు నిద్ర పట్టదు, మూడవనాడు మంచి పద్యము వచ్చును. కవిత్వమునకు కొలిమి కవియొద్ద నున్నను, ఊదుతిత్తి వినువారి చేతిలోనే యున్నది.

మీ యింట మనుమడో మనుమరాలో పద్యము వల్లించునప్పుడు, అలంకార మేదని నేను అడిగినట్లు మొదట అడుగకుడు. అది తరువాత అడుగవచ్చును. “ఇది చదివినపుడు నీకేమి కనబడినది?” అని మొదట అడుగుడు. వారు తిరిగి మిమ్ము ప్రశ్న వేసినచో కూర్చొమ్మనకుడు. ఆ ప్రశ్నకు తావిచ్చిన యింట కవిత్వమునకు తావున్నట్లే.